ఈతకొలను గేటు మీద ఉండవలసిన సంఖ్య

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈతకొలనులు నడుపుతున్న నగరపాలక, పురపాలక సంస్థల కమిషనర్లకు, అపార్ట్‌మెంట్లలోనూ గేటెడ్ కమ్యూనిటీలలోనూ కొలనుల బాధ్యత చూస్తున్న నివాసితుల సంఘాల కార్యవర్గాలకు నమస్కారాలు.

నేను తాగునీటి శుద్ధి కేంద్రాలలో పనిచేసి రిటైరైన ఇంజనీరును. వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి. ఇంకొద్ది రోజులలో ఈత శిక్షణ శిబిరాల ఫారాలు ఇవ్వడం మొదలవుతుంది. అంతకంటే ముందే మీ దృష్టికి ఒక విషయం తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. మీ కొలనులో ఒకేసారి ఎంతమంది క్షేమంగా దిగవచ్చో లెక్క కట్టించండి. ఆ సంఖ్యను గేటు దగ్గర అందరికీ కనిపించేలా రాయించండి. ఫారాలు ఆ సంఖ్యను బట్టి ఇవ్వండి. ఈ లెక్కకు పెద్ద చదువు అవసరం లేదు. ఒక టేపు, సామర్థ్యం రాసి పంపు మీద అంటించిన రేకు, ఒక తెల్లకాగితం ఉంటే ఒక పూటలో తేలిపోతుంది.

గత మే నెలలో మా మనవరాలిని ఈత నేర్పించడానికి రోజూ ఉదయం ఒక కొలనుకు తీసుకువెళ్లాను. ఆ కొలను ఏదో చెప్పడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే అక్కడ చూసినదే నేను మరి రెండు చోట్ల కూడా చూశాను. కొలను 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఒక చివర మూడడుగుల (సుమారు 0.9 మీటర్ల) లోతుతో మొదలై రెండో చివర ఆరడుగులకు (సుమారు 1.8 మీటర్లకు) చేరుతుంది. ఆరు గంటల బ్యాచ్‌లో నేను మెట్ల మీద కూర్చుని తలలు లెక్కపెట్టాను, 74 మంది ఉన్నారు. బ్యాచ్‌కు ఎంతమందిని తీసుకుంటారని కౌంటరులో అడిగితే, "ఇంతమంది అని లేదండీ, ఫారాలు ఎన్ని వస్తే అంతమంది" అన్నారు. ఆ అబ్బాయి మాటలో దాపరికం ఏమీ లేదు. అతనికి ఎవరూ ఏ సంఖ్యా చెప్పలేదు.

మూడో వారంలో ఒక రోజు, మా మనవరాలికి రెండు చేతుల దూరంలో ఉన్న ఒక బాబు నీళ్లలోకి జారిపోయాడు. అరవలేదు, చేతులు ఊపలేదు. చుట్టూ ఉన్న పిల్లలందరూ నీళ్లు చిమ్ముకుంటూ ఉండడంతో ఆ సందడిలో అతను కనిపించకుండా పోయాడు. నా పక్కనే కూర్చున్న ఒక పెద్దావిడ, మనవడి ఎర్రటోపీ కనిపించడం లేదని లేచి కేక వేస్తే, కోచ్ తిరిగి చూసి ఒక్క అంగలో వెళ్లి పైకి లేపాడు. బాబు దగ్గి, ఏడ్చి, తేరుకున్నాడు. ఆ రోజు సాయంత్రమే నేను టేపు తీసుకువెళ్లి కొలతలు తీసుకున్నాను. ఈ లేఖలోని అంకెలు ఆ కొలతలవే.

మొదట స్థలం సంగతి. ఈతకొలనుల భద్రతపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన మార్గదర్శకాలలో, బ్రిటన్‌లో అమలులో ఉన్న ఒక కొలమానాన్ని ఉదాహరణగా ఇచ్చారు. మీటరు కంటే తక్కువ లోతున్న చోట ఒక్కొక్కరికి 2.2 చదరపు మీటర్ల నీటి ఉపరితలం ఉండాలి. మీటరు నుంచి మీటరున్నర లోతు వరకు 2.7 చదరపు మీటర్లు, అంతకు మించిన లోతులో 4 చదరపు మీటర్లు ఉండాలి. లోతు పెరిగేకొద్దీ ఎక్కువ చోటు ఎందుకో ఈత వచ్చినవారికి చెప్పనక్కరలేదు. లోతులేని చోట మనిషి నిలబడతాడు, లోతైన చోట మనిషి పొడుగునా పడుకుని చేతులు, కాళ్లు ఆడిస్తాడు.

నేను చూసిన కొలను అడుగు ఏటవాలుగా సమంగా దిగుతుంది. కాబట్టి 250 చదరపు మీటర్లలో మీటరు లోపు లోతున్నది సుమారు 28 చదరపు మీటర్లు, మీటరు నుంచి మీటరున్నర వరకు 139, ఆ పైన 83. ఒక్కొక్క భాగాన్ని దాని కొలతతో భాగించి, వచ్చిన భిన్నాలను వదిలేస్తే 12, 51, 20 వస్తాయి. మొత్తం 83 మంది. ఆ ఉదయం దిగినవారు 74 మందే కదా, అంటే అంతా సవ్యంగానే ఉన్నట్టు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆ 74 మందిలో అరవై మంది నేర్చుకునే పిల్లలు, కొత్తగా దిగిన పెద్దలు. వారందరూ నాలుగడుగుల లోతు దగ్గర అడ్డంగా కట్టిన తాడుకు ఇవతల, అంటే కొలనులో మూడో వంతులో, సుమారు 83 చదరపు మీటర్లలో ఉన్నారు. ఒక్కొక్కరికి 1.4 చదరపు మీటర్లు దక్కింది, అంటే ఒక నవారు మంచం పట్టేంత చోటు కూడా కాదు. ఇదే కొలమానం ప్రకారం ఆ భాగంలో 32 మంది మాత్రమే ఉండాలి. తాడుకు అవతల కొలను దాదాపు ఖాళీగా ఉంది. మొత్తం కొలనుకు ఒకే సంఖ్య రాసి ఊరుకుంటే ఈ ప్రమాదం ఆ సంఖ్య వెనుక దాగిపోతుంది. అందువల్ల తాడు కట్టిన ప్రతి భాగానికీ వేరే సంఖ్య ఉండాలని నా మొదటి విన్నపం.

పిల్లల విషయంలో ఈ లెక్క ఇంకా కఠినంగా ఉండాలి. ఏడేళ్ల పిల్ల సుమారు నాలుగడుగుల ఎత్తు ఉంటుంది. ఆమె గడ్డం నీటిపైన ఉండాలంటే లోతు మీటరు దాటకూడదు. నేను చెబుతున్న కొలనులో అంత తక్కువ లోతున్నది మొదటి మూడు మీటర్ల పొడవులోపే. అంటే ఆ పిల్లకు అక్కడ ఉన్న చోటు 28 చదరపు మీటర్లు, అందులో పట్టేది 12 మంది. మిగిలిన కొలనంతా ఆమెకు అగాధమే. మనం నాలుగడుగుల తాడును చూసి లోతు లేని భాగం అనుకుంటాం. ఆ తాడు పెద్దవాళ్ల కొలతతో కట్టినది. చిన్నపిల్లల బ్యాచ్‌లకు ఫారాలు ఇచ్చేటప్పుడు పిల్లల ఎత్తు రాసుకుని, వారు నిలబడగల నీటిని బట్టి సంఖ్య నిర్ణయించండి.

ఇక నీటి శుద్ధి సంగతి. ఇది నా వృత్తికి సంబంధించినది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. చాలా కొలనుల అసలు పరిమితి ఇక్కడే ఉంది, దీనిని పట్టించుకునేవారే అరుదు.

మనిషి నీటిలోకి దిగినప్పుడు చెమట, చర్మం మీది జిడ్డు, నూనె, పొడి చర్మం, కొంత మూత్రం నీటిలో కలుస్తాయి. పసిపిల్లల విషయంలో మలం కూడా కలిసే ప్రమాదం ఉంది. వీటిలోని యూరియా, అమోనియా వంటి పదార్థాలతో క్లోరిన్ కలిసి క్లోరమైన్లుగా మారుతుంది. కళ్లు మండడానికి, గొంతులో గరగరకు, "క్లోరిన్ వాసన" అని మనం అనుకునే ఆ ఘాటుకు కారణం ఎక్కువగా ఈ క్లోరమైన్లే. కాబట్టి ఘాటు వాసన వస్తోందంటే క్లోరిన్ బాగా వేశారని సంతోషించకూడదు. వేసిన క్లోరిన్ మురికితో పోరాడి ఖర్చైపోతోందని అర్థం చేసుకోవాలి. దిగేవారు పెరిగేకొద్దీ క్రిములను చంపడానికి మిగిలే క్లోరిన్ తగ్గుతుంది. మే నెల ఎండ ఆరుబయటి కొలనులో క్లోరిన్‌ను కొన్ని గంటల్లోనే చాలావరకు విరగ్గొట్టేస్తుంది. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ 7.5 దగ్గర ఉంటే నీటిలోని క్లోరిన్‌లో దాదాపు సగం చురుకుగా పనిచేసే రూపంలో ఉంటుంది, 8.5కు చేరితే పదో వంతు మాత్రమే మిగులుతుంది. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి మామూలు మోతాదు క్లోరిన్‌లో రోజుల తరబడి బతుకుతుంది. దానిని ఆపేది మంచి వడపోత, రద్దీ లేకపోవడం.

అందుకే బ్రిటన్‌లోని కొలనుల నీటిశుద్ధి నిపుణులు ఒక సూత్రం పెట్టుకున్నారు. కొలనులో ఉండే గరిష్ఠ సంఖ్యలో ప్రతి మనిషికీ గంటకు 1.7 ఘనమీటర్ల నీరు వడపోత నుంచి శుభ్రమై తిరిగి రావాలి. జర్మనీ ప్రమాణం ఇంకా కఠినం, అక్కడ మనిషికి 2 ఘనమీటర్లు. ఈ సూత్రాన్ని నేను చూసిన కొలనుకు అన్వయిస్తే, సగటు లోతు 1.35 మీటర్లు కాబట్టి అందులో 337.5 ఘనమీటర్ల నీరు ఉంది. పంపు ఆ నీటినంతా ఆరు గంటలకు ఒకసారి తిప్పేలా అమర్చారు, అంటే గంటకు 56 ఘనమీటర్లు. దానిని 1.7తో భాగిస్తే 33 వస్తుంది. జర్మనీ లెక్కలో 28. స్థలం లెక్క 83 మందికి చోటుందని చెబుతుంటే, వడపోత 33 మందిని మాత్రమే మోయగలనంటోంది. ఆ ఉదయం దిగినవారు 74 మంది.

ఈ 33 కూడా పంపు నడుస్తున్నప్పటి సంఖ్య. ఆపరేటరును అడిగితే, కరెంటు బిల్లు ఎక్కువ వస్తోందని పంపును రాత్రి పూట మాత్రమే నడపమన్నారని చెప్పాడు. జనం దిగే వేళల్లో పంపు ఆగి ఉంటే ఆ గంటలో వడపోతకు వెళ్లే నీరు సున్నా. ఎవరు ఎంత మురికి తెచ్చినా అది అక్కడే ఉంటుంది, తరువాతి బ్యాచ్ దానిలోకే దిగుతుంది. పంపు మీది రేకులో రాసిన సామర్థ్యాన్ని కూడా నమ్మి ఊరుకోకండి. శాండ్ ఫిల్టరులో, అంటే ఇసుక వడపోతలో, మురికి పేరుకుంటే పీడనం పెరిగి ప్రవాహం తగ్గుతుంది. నీటిని వెనక్కి పంపి ఫిల్టరును కడిగే బ్యాక్‌వాష్ సకాలంలో చేయకపోతే 56 ఘనమీటర్ల పంపు అందులో సగమే ఇవ్వవచ్చు. కొలనులోకి తిరిగి వచ్చే గొట్టానికి ప్రవాహాన్ని కొలిచే ఒక ఫ్లో మీటరు బిగించి, ఉదయం, సాయంత్రం దాని అంకె రాయిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

కొత్త నీటి లెక్క కూడా దీనితో ముడిపడినదే. వడపోత కరిగిన లవణాలనూ యూరియానూ తీసివేయలేదు, వాటిని పలుచన చేయడానికి దిగిన ఒక్కొక్కరికి రోజుకు 30 లీటర్ల కొత్త నీరు కలపాలన్నది సాధారణంగా పాటించే కొలత. బ్యాచ్‌కు 33 మంది చొప్పున రోజుకు ఎనిమిది బ్యాచ్‌లు నడిపితే 264 మంది, 7,920 లీటర్లు. మన వాడుకలో చెప్పాలంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఒకటిన్నరకు పైగా. బ్యాచ్‌కు 74 మందిని దింపితే మూడున్నర ట్యాంకర్లు కావాలి. వీధుల్లో బిందెల వరుసలు కనిపించే మే నెలలో మూడున్నర ట్యాంకర్లు కొలనులో పోయగలరా? పోయలేమనుకుంటే సంఖ్య తగ్గించాలి. దిగేముందు ప్రతివారూ సబ్బుతో స్నానం చేయాలన్న నియమాన్ని ఖచ్చితంగా పాటింపజేస్తే మురికి భారం గణనీయంగా తగ్గుతుంది. చాలా కొలనుల దగ్గర షవర్లు ఉన్నాయి, వాటి దగ్గర నిలబడి చెప్పే మనిషే లేడు.

మూడో పరిమితి కాపలా కాసే కళ్లది. మునిగిపోతున్న మనిషి అరుస్తాడని, చేతులు ఊపుతాడని మనం సినిమాలు చూసి అనుకుంటాం. ఊపిరి అందని మనిషికి అరిచే శక్తి ఉండదు. చేతులు నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి, పైకి లేవవు. నీటిపైన ఆ పోరాటం సాధారణంగా 20 నుంచి 60 సెకన్లలో ముగిసిపోతుంది. అందుకే లైఫ్‌గార్డుల శిక్షణలో ఒక నియమం వాడుకలో ఉంది: తనకు అప్పగించిన నీటినంతా చూపు 10 సెకన్లలో చుట్టి రావాలి, ఆపద కనిపించాక 20 సెకన్లలో అక్కడికి చేరాలి. జనం కిక్కిరిసి ఉంటే చూపు అడుగుకు చేరదు. నీరు మసకబారి ఉంటే అసలే చేరదు. అందువల్ల కొలను అతి లోతైన చోట అడుగున ఉన్న జాలీ గట్టు మీద నిలబడినవారికి స్పష్టంగా కనిపించని రోజున ఎవరినీ దింపకూడదు.

ఈ పరిమితిని కనుక్కోవడానికి సూత్రం ఏదీ లేదు, పరీక్షే మార్గం. శిక్షణకు వాడే బొమ్మ ఉంటే దానిని, లేకపోతే బరువు పెట్టిన ముదురు రంగు గుడ్డసంచిని, బ్యాచ్ నడుస్తుండగా లైఫ్‌గార్డుకు చెప్పకుండా ఒక మూల అడుగున ఉంచండి. పది సెకన్లలో చూశాడా, ఇరవై సెకన్లలో చేరాడా గడియారంతో చూడండి. చూడలేకపోతే తప్పు అతనిది అనుకోకండి. సంఖ్య తగ్గించి మళ్లీ పరీక్షించండి, లేదా ఇంకొక లైఫ్‌గార్డును పెట్టండి. మరొక మాట కూడా స్పష్టంగా చెప్పాలి. కోచ్ లైఫ్‌గార్డు కాడు. ఒక పిల్లవాడి నడుము పట్టుకుని కాళ్లు ఆడించడం నేర్పుతున్న మనిషి వెనకవైపు చూడలేడు. నేను చూసిన చోట ముగ్గురు కోచ్‌లు ఉన్నారు, గట్టు మీద నిలబడి నీటిని మాత్రమే చూసే మనిషి ఒక్కడూ లేడు.

ఈ మూడు సంఖ్యలలో అతి చిన్నదే మీ కొలను సంఖ్య. సగటు తీయకూడదు, మధ్యే మార్గం వెతకకూడదు.

నివాసితుల సంఘాలవారికి ప్రత్యేకంగా కొన్ని మాటలు చెప్పాలి. అపార్ట్‌మెంట్లలోని కొలను సాధారణంగా చిన్నది, బ్రోషరులో అందంగా కనిపించడానికి కట్టినది. 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, అంతటా నాలుగడుగుల లోతు ఉన్న కొలనును ఊహించండి. స్థలం లెక్కలో 26 మంది పడతారు. అందులో ఉన్నది సుమారు 86 ఘనమీటర్ల నీరు. పంపు దానిని ఆరు గంటలకు ఒకసారి తిప్పితే గంటకు వచ్చేది 14 ఘనమీటర్ల పైచిలుకు, అంటే ఎనిమిది మందికి సరిపడేది. నాలుగు వందల ఫ్లాట్లున్న చోట ఆదివారం ఉదయం ఎనిమిది మంది మాత్రమేనా అని సర్వసభ్య సమావేశంలో కోపగించుకునేవారు ఉంటారని నాకు తెలుసు. ఆ కోపాన్ని బిల్డరు ఇచ్చిన పంపు మీదికి మళ్లించి, దానిని మార్చడానికి తీర్మానం చేయించండి. పుట్టినరోజు వేడుకలకు కొలనును అతిథులతో సహా అద్దెకు ఇచ్చే పద్ధతి ఉంటే దానిని ఈ లెక్క తేలేవరకు ఆపండి. పసిపిల్లల కొలను మీద మరింత శ్రద్ధ పెట్టండి. మోకాలి లోతు నీళ్లు చాలా కొద్దిగా ఉంటాయి, వాటిలో కూర్చునే పిల్లలు శుభ్రత తెలియని వయసువారు. ఆ నీరు గంట లోపే పూర్తిగా వడపోతకు వెళ్లి రావాలి. దానిని పెద్ద కొలను గొట్టానికే కలిపేసి వదిలేసిన చోట్లు ఉన్నాయి, మీది అలా ఉందేమో చూసుకోండి.

నా వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది, దానిని నేను తేలికగా తీసుకోవడం లేదు. పురపాలక కొలనుకు వచ్చేవారిలో ఎక్కువమంది ప్రైవేటు క్లబ్బుల గడప తొక్కలేనివారు. సంఖ్య తగ్గిస్తే మొదట బయట నిలబడేది వారి పిల్లలే. మన చెరువులలో, కాలువలలో, క్వారీ గుంతలలో ఎండాకాలం ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకునేది కూడా అలాంటి ఇళ్ల పిల్లలే కాబట్టి, వారికి ఈత నేర్పడం ప్రభుత్వ బాధ్యత అని నేను మనసారా నమ్ముతాను. అయితే 33ను 49 చేయడం కష్టమైన పని కాదు. ఆరు గంటలకు బదులు నాలుగు గంటలలో నీటిని తిప్పే పంపు, దానికి తగిన ఫిల్టరు పెడితే అదే కొలను 49 మందికి సరిపోతుంది. మూడు గంటలకు తెస్తే 66. లోతు తక్కువ ఉన్న భాగంలోనే అందరినీ కుక్కకుండా, ఈత వచ్చినవారికి, రానివారికి వేర్వేరు గంటలు కేటాయిస్తే ఖాళీగా ఉండే మిగతా భాగం కూడా వాడుకలోకి వస్తుంది. వేసవిలో తెల్లవారుజామున ఐదింటికి ఒక బ్యాచ్, రాత్రి ఎనిమిదింటికి ఒక బ్యాచ్ పెంచవచ్చు. బడ్జెట్‌లో కొలనుల పేరుతో టైల్స్‌కు, రంగులకు, తోరణాలకు పెట్టే ఖర్చును ఈ ఏడాది పంపులకు, ఫిల్టర్లకు, లైఫ్‌గార్డుల జీతాలకు మళ్లించమని కమిషనర్లను అర్థిస్తున్నాను.

విశాఖ బీచ్ రోడ్డు మీద, హైదరాబాద్ గచ్చిబౌలిలో పోటీల స్థాయి కొలనులు మనకు ఉన్నాయి. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు కొలనులో 1,250 చదరపు మీటర్ల నీటి ఉపరితలం ఉంటుంది. దానిని చూసి ఎంతమందైనా పడతారనుకోవడం సహజం. అంతటా రెండు మీటర్ల లోతుంటే స్థలం లెక్కలో 312 మంది అవుతారు, కానీ ఆ నీటిలో ఎక్కడా నిలబడడానికి వీలుండదు కాబట్టి ఈత రానివారి సంఖ్య సున్నా. పెద్ద కొలనులకు కూడా ఈ లెక్క వేయాలని గుర్తు చేయడానికే ఇది రాశాను.

నీటి నాణ్యతకు మనకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3328 ఉంది. దాని ప్రకారం పరీక్షలు చేయించి ఫలితాలను గోడకు అంటించే కొలనులు ఉన్నాయి, వారిని అభినందిస్తున్నాను. ఆ కాగితం పక్కనే మరొక కాగితం కావాలి. అందులో కొలను పొడవు, వెడల్పు, లోతులు, నీటి పరిమాణం, ఫ్లో మీటరు చూపిన ప్రవాహం, లైఫ్‌గార్డుల సంఖ్య, ఒక్కొక్క భాగంలో దిగదగినవారి సంఖ్య, లెక్క కట్టినవారి సంతకం ఉండాలి. లోపలికి వెళ్లేవారికి అన్ని చేతిపట్టీలే ఇవ్వండి. పట్టీలు అయిపోతే, ఎంత తెలిసినవారు వచ్చినా, ఏ కార్పొరేటరు గారి చీటీ తెచ్చినా, తరువాతి గంట వరకు ఆగమని చెప్పే అధికారం గేటు దగ్గర ఉన్న ఉద్యోగికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ రాత లేకపోతే బోర్డు మీది సంఖ్య మొదటి ఆదివారమే చెరిగిపోతుంది.

ఏప్రిల్ మొదటి వారంలో ఫారాలు ఇచ్చేలోపు ఈ పని పూర్తి కావాలి. లెక్క కట్టడంలో సాయం కావాలనుకునే కొలనుకు నా టేపు తీసుకుని వస్తాను. పంపు గది తాళం తీయించి, లోతులు గుర్తించడానికి ఒక మనిషిని తోడు ఇస్తే చాలు.

ఇట్లు,
ఈత నేర్చుకుంటున్న ఒక ఏడేళ్ల పిల్ల తాతయ్య,
విశ్రాంత నీటిశుద్ధి ఇంజనీరు